బ్రౌజర్ మాటిమాటికీ కూలిపోతోందా? ఇవిగో తిరుగులేని చిట్కాలు

ముందుగా డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి రిఫ్రెష్ నొక్కండి. ఒకసారి చాలదు. ఐకాన్లు మిణుకుమిణుకుమనేదాకా టపటపా నొక్కుతూనే ఉండాలి. ఆ రిఫ్రెష్ తెర మీది బొమ్మల్ని మళ్లీ గీస్తుందే తప్ప మెమరీ జోలికి పోదని ఇంట్లో కుర్రాడెవరైనా అంటే, "నువ్వు పుట్టకముందు నుంచీ నొక్కుతున్నాన్రా" అనండి. వాదన అక్కడితో ముగుస్తుంది.

ఎర్రర్ మెసేజ్ వస్తే చదవకండి. చదివితే కారణం తెలిసిపోయే ప్రమాదముంది. కారణం తెలిశాక ఇంట్లోవాళ్లను తిట్టడానికి నోరు రాదు. టక్కున 'ఓకే' కొట్టేసి, "నిన్న దీన్నెవరు ముట్టుకున్నారు?" అని కేకెయ్యండి. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లయితే అడ్రస్ బార్‌లో 'అబౌట్:క్రాషెస్' అని కొట్టకుండా జాగ్రత్తపడాలి. కూలినప్పటి నివేదికలన్నీ తేదీలతో సహా బయటపడతాయి. అంత సాక్ష్యం ఇంట్లో ఉండటం మంచిది కాదు.

ట్యాబుల విషయంలో పిసినారితనం వద్దు. ఒకటి కూలినా మిగతావి నిలబడాలనే కదా, 2008లో వచ్చిన నాటి నుంచే క్రోమ్ ట్యాబులకు వేరువేరు ప్రాసెస్‌లు పెట్టింది! ఒక్కొక్కటీ తన వాటా ర్యామ్ తను తింటుంది, తిననివ్వండి. మీది నాలుగు జీబీల సిస్టమే కావచ్చు. అయినా సరే అబ్బాయి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు, కరెంటు బిల్లు, సగం చూసిన ట్రైలరు, పోయిన సంక్రాంతికి వెతికిన అరిసెల పాకం, అన్నీ తెరిచే ఉంచండి. ట్యాబు మీద పేరు కూడా కనబడనంత ఇరుకైతేనే అది నిండు కుటుంబం. షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే క్రోమ్‌లోనే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది, ఎవరెంత మింగుతున్నారో చెప్పేస్తుంది. ఇంటి గుట్టు అలా రట్టు చేసుకుంటారా?

ఇక ఎక్స్‌టెన్షన్లు. కూపన్లు వెతికేదొకటి, వీడియోలు దింపేదొకటి, వాల్‌పేపర్ మార్చేదొకటి, ఎందుకు పెట్టామో గుర్తులేనివి మరో ఎనిమిది. ఒక్కదాన్నీ ఆపకండి. ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడమని కొందరు అంటారు. మనం అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అక్కడ పనిచేయవు కాబట్టి, అందులో బ్రౌజర్ బుద్ధిగా నడిస్తే దొంగ వాటిలోనే ఉన్నట్టట. తర్కం బాగానే ఉంది. కానీ ఆ నల్ల విండో తెరిచి ఉండగా మీ ఆవిడ కాఫీ పట్టుకొస్తే ఏమని చెబుతారు?

తెర మిణుకుమిణుకుమంటూ బ్రౌజర్ మూసుకుపోతుంటే కొత్త మానిటర్ కొనండి. సెట్టింగ్స్‌లో 'సిస్టమ్' కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అనే మీట ఒకటుంది, దాన్ని ఆపి చూడటానికి పైసా ఖర్చు కాదు. ఖర్చు కాని వైద్యం పనిచేస్తుందంటే నమ్ముతామా?

యాంటీవైరస్ ఒకటి ఉంటే రెండోది కూడా వేయండి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నది కత్తుల సంగతి. విండోస్ 7ను మాత్రం వదలకండి. క్రోమ్ దాని మీద 109వ వెర్షన్‌తోనే, అంటే 2023 మొదట్లోనే ఆగిపోయింది. ఆగితే ఆగనీ. పచ్చగా, పెద్దగా 'డౌన్‌లోడ్' అని మెరిసే బటన్ ఎక్కడో ఒకచోట దొరక్కపోదు. నొక్కండి.

ఇన్ని చేసినా లొంగకపోతే ఫార్మాట్ కొట్టించండి. "అన్నీ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి" అని షాపువాడికి ధీమాగా చెప్పండి. డెస్క్‌టాప్ మీద పెట్టిన పెళ్లి ఫొటోలు మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయని అప్పుడు గుర్తు చేసుకోనవసరం లేదు. ఇంటికి తెచ్చి క్రోమ్‌లో మీ అకౌంట్‌తో సింక్ పెట్టండి. ఎక్స్‌టెన్షన్లు పదకొండూ వాటంతటవే తిరిగొస్తాయి. ఫొటోలు రావు.