బట్టమేకగారి సర్వీసు రికార్డు

డ్యూటీకి రాకుండానే ప్రమోషన్లు కొట్టేసినవాళ్లను చూశాం గానీ, నంద్యాల జిల్లాలో ఒక పిట్ట వాళ్లందరినీ మించిపోయింది. పేరు బట్టమేక. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఆడది ఏడాదికి పెట్టేది సాధారణంగా ఒక్కటే గుడ్డు. కుటుంబ నియంత్రణ శాఖవారు ఎప్పుడో దండ వేసి ఉండాల్సింది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు, అంటే పులి పక్కన కుర్చీ. 1988లో రోళ్లపాడులో 614 హెక్టార్ల అభయారణ్యం. 2011లో ఐయూసీఎన్ వారి 'అంతరించే అంచున' హోదా. 2022లో కర్నూలు నుంచి నంద్యాల జిల్లాకు బదిలీ. అదే ఏడు చట్టం సవరించి, దాన్ని చంపితే వేసే కనీస జరిమానా పదివేల నుంచి పాతికవేలకు పెంచారు. చంపడానికి పిట్టేదీ? అది రోళ్లపాడు గడ్డిలో కనిపించి ఏళ్లయింది.

అదే షెడ్యూలు, అదే కంచె కృష్ణజింకలకు మాత్రం బాగా అచ్చొచ్చాయి. మందలు పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. రాత్రంతా కావలి కాసేది రైతు, జింక మీద చెయ్యి పడితే జైలుకెళ్లేదీ రైతే. పిట్ట కోసం పెట్టిన అడవి ఊరివాళ్ల దృష్టిలో జింకల సత్రమైంది. బట్టమేక కంచెలో ఒదిగే రకం కాదు. దానికి చుట్టూ బీళ్లు కావాలి, వానాధారం జొన్నచేలు కావాలి. కాలువలొచ్చాయి, పైర్లు మారాయి. కాలువ వద్దని సీమ రైతుకు చెప్పే ధైర్యం నాకైతే లేదు, చెప్పడం న్యాయమూ కాదు.

ఆపైన కరెంటు తీగలు. ఎదురుగా ఉన్నది సరిగా కనబడని బరువైన పక్షి, గబుక్కున పక్కకు తిరగలేదు. 2021లో సుప్రీంకోర్టు తీగల్ని భూమిలో వేయమంది, రాజస్థాన్, గుజరాత్‌లలో. మన గని, శకునాల గ్రామాల దగ్గర 2017 నాటికే 1,000 మెగావాట్ల సోలార్ పార్కు లేచింది. జైసల్మేర్‌లోనేమో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు, 2024లో కృత్రిమ గర్భధారణతో కూడా పిల్ల పుట్టింది. వాటిలో నాలుగు మనకూ ఇవ్వండని అడగొచ్చు. ఎక్కడ వదులుతారని వాళ్లడిగితే మాత్రం ఇబ్బంది.

అంతకన్నా తేలికైన దారి ఆళ్లగడ్డలో ఉంది. అక్కడి శిల్పులు దేవుళ్లనే రాతిలో నిలబెడతారు, ఒక పిట్ట వాళ్లకో లెక్కా? టెండరు పిలిచి, మంత్రిగారి చేత ముసుగు తీయిస్తే సరి. రాతిపిట్ట గడ్డి అడగదు, తీగకు తగలదు. లెక్కల రోజున అటవీ సిబ్బంది 'ఒకటి' అని ధైర్యంగా రాసుకోవచ్చు.