తాలు లేని కుక్కపిల్ల

వరంగల్ ఎనుమాముల యార్డులో మిర్చి కొనే మనిషిని ఒకసారి పక్కన నిలబడి చూడండి. బస్తా మూతి విప్పుతాడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున ఉన్న కాయ తీస్తాడు. తొడిమ చూస్తాడు, విరిచి గింజ చూస్తాడు, చెవి దగ్గర గలగలమనిపించి నెమ్ము ఎంతుందో చెప్తాడు. నాలుగు తాలుకాయలు కనపడితే చాలు, మొహం అడ్డంగా తిప్పేస్తాడు. అదే మనిషి రాత్రికి ఇంటికి పోయి, ఫోనులో కుక్కపిల్ల ఫొటో ఒకటి చూసి, కింద రాసిన ‘ప్యూర్ బ్రీడ్, డబుల్ బోన్, అర్జెంట్ సేల్’ అన్న మూడు ముక్కలు నమ్మి అడ్వాన్సు కొట్టేస్తాడు. డబుల్ బోన్ అనేది పశువైద్య శాస్త్రంలో ఎక్కడా లేదు, అమ్మేవాళ్ల నోళ్లలోనే ఉంది.

మా ఇంట్లో ఈ పప్పులు ఉడకలేదు. కారణం మా బాపు. యార్డులో దడ్వాయిగా కాంటా వేసి వేసి రిటైరైన మనిషి. ఇంటికి సోరకాయ తెచ్చినా గోరుతో గిచ్చి చూడనిదే వంటింట్లోకి పోనివ్వడు.

మావాడికి హస్కీ కావాలి. సైబీరియా మంచులో బండి లాగే కుక్క, ఒంటి మీద రెండు పొరల బొచ్చు. మేలో వరంగల్ ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. బాపు ఒక్క మాటలో తేల్చాడు: “దానికి ఏసీ బెడ్తవ్ గని, నా కూలర్ల నీళ్లు పోసెటోడు లేడు ఈ ఇంట్ల.” అమ్మాయికి పగ్ కావాలి. 2003లో హచ్ ప్రకటన వచ్చినప్పటి నుంచి దానికి మనవాళ్లు పెట్టిన పేరే హచ్ కుక్క. చప్పిడి ముక్కు, పుట్టుకతోనే ఊపిరి ఇబ్బంది. ఫిబ్రవరిలో మిర్చి సీజన్ ముదిరితే నిటారు ముక్కున్న మేమే తుమ్మలేక చస్తుంటాం. దాన్ని ఏ ముక్కుతో బతకమంటాం?

ఇంతలో కొల్లేరు వైపు నుంచి వచ్చిన ఒక వ్యాపారి, “జోనంగి ఉందిగా అండీ, మన తెలుగు నేల జాతి!” అన్నాడు. నున్నని ఒళ్లు, బాతుల మందలు కాసిన కుక్క, నేలలో గొయ్యి తవ్వుకుని పడుకుంటుంది, అరవడం బాగా తక్కువ. అంతా విని బాపు అడిగాడు: “అరువని కుక్కకు తిండెందుకు తమ్మీ?” నాకైతే ఆ కుక్క మీద ఇప్పటికీ మనసుంది.

చివరికి లాబ్రడార్ దగ్గర రాజీ కుదిరింది. మొదటి అమ్మకందారు అట్టపెట్టెలో పిల్లను పెట్టుకుని బండి మీద వచ్చాడు.

“తల్లేది తమ్మీ?”

“ఊళ్లె ఉంది కాకా.”

“ఏ ఊళ్లె?”

“గదే… హైదరాబాద్ల.”

“నిన్న ఫోన్ల విజయవాడంటివి?”

పిల్ల పొట్ట ఉబ్బి ఉంది, నులిపురుగుల పొట్ట. చెవులు వాసన. వయసు 35 రోజులట. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. బాపుకు ఈ నిబంధనలేవీ తెలియవు. “తల్లి కనవడని పిల్ల, మూతి విప్పని బస్తా. తీస్కపో,” అన్నాడు.

రెండో ఆయన దగ్గర కథ తిరగబడింది. ప్రశ్నలన్నీ ఆయనే అడిగాడు. పగలు ఇంట్లో ఎవరుంటారు? అద్దె ఇల్లా, సొంతమా? పదీ పన్నెండేళ్లు సాకగలరా? యార్డులో అమ్మేవాడు కొనేవాడిని ఎదురు ప్రశ్నించడం బాపు ఎన్నడూ చూడలేదు. కోపమొచ్చింది, ఆ వెంటనే గౌరవం కూడా వచ్చింది. తల్లి కుక్క తోక ఊపుకుంటూ ఎదురొచ్చింది. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితం చూపించారు, అందులో తాత ముత్తాతల పేర్లు వరసగా ఉన్నాయి. మా ఇంట్లో మా ముత్తాత పేరు ఎవరికీ తెలియదు. తల్లిదండ్రుల తొంటి ఎక్స్‌రేలు కూడా చూపించారు, లాబ్రడార్లకు తొంటి జబ్బు వంశంలో వస్తుంది కనుక. బాపు నా చెవిలో అన్నాడు: “గీ ఫొటో ముందుగాల మీ అవ్వకు తీపియ్యాలె.”

పిల్లకు చపాటా అని పేరు పెట్టాం. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మా వరంగల్ మిర్చి పేరు. రంగు ఘనం, ఘాటు తక్కువ. దొంగ వచ్చినా మా చపాటా తోకే ఊపుతుంది.

కొన్న ధర యార్డులో పాడే జెండా పాట ధర లాంటిది, వినడానికే బాగుంటుంది. అసలు లెక్క అమ్మకం చీటీ, అదే తక్‌పట్టీ, చేతికొచ్చాక తెలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ, మూడు నెలలు దాటాక రేబిస్‌ది, మధ్యలో నులిపురుగుల మందు. ఈ వరస పూర్తయ్యేదాకా వీధి నేల మీద దింపకూడదు, పార్వో వైరస్ పట్టిందంటే రక్తవిరేచనాలతో పిల్ల చేతిలోనే పోతుంది. అందుకని బాపు దాన్ని భుజాన వేసుకుని వాడంతా తిప్పాడు. నన్ను ఎప్పుడైనా అట్లా ఎత్తుకున్నాడా అని అవ్వనడిగితే, నవ్వి లోపలికి పోయింది.

పెద్ద యుద్ధం తిండి దగ్గర. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. ఉడికిన ఎముక పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉల్లిపాయ లేని కూర మా ఇంట్లో ఏది? అయినా లాబ్రడార్‌కు చాలు అన్న మాట పుట్టుకతోనే లేదు. అది తినే వేగం చూసి బాపు పాత కాంటా బయటికి తీశాడు. ఇప్పుడు దాని అన్నం తూకమేసి పెడుతున్నాడు, గ్రాము మొగ్గనివ్వడు. అవ్వ మాత్రం కాంటా పక్కకు జరగ్గానే ఇంకో ముద్ద వేస్తుంది.

ఇక ఒక్క మాట. జూలై 6న, 1885లో లూయీ పాశ్చర్ మనిషికి తొలి రేబిస్ టీకా వేయించిన రోజు గుర్తుగా, ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకు ఆ టీకా ఉచితంగా వేస్తారు. జాతి కుక్కయినా ఊరకుక్కయినా తీసుకురండి, గొలుసు మాత్రం గట్టిది వెయ్యండి. మా బాపు తెల్లారకముందే పోయి వరసలో మొదట నిలబడతాడు. సీరియల్ విషయంలో ఆయనతో పేచీ పెట్టుకోకండి.