ఊసరవెల్లి ఇంటికి రాలేదు

కరీంనగర్‌లో టవర్ సర్కిల్ చుట్టుపక్కల ఏ టీవీ షోరూంలోకి అడుగుపెట్టినా ముందు పలకరించేది సేల్స్‌మన్ కాదు, ఊసరవెల్లి. గోడ నిండా తెరలు, తెరల నిండా అదే. ఒక కన్ను ఇటు తిప్పుతుంది, ఇంకో కన్ను అటు తిప్పుతుంది. ఒంటి మీది పొలుసులు లెక్కపెట్టుకోవచ్చు. ఆ తర్వాత దానిమ్మ పగులుతుంది, తేనె కారుతుంది, ఏ దేశానిదో జలపాతం దూకుతుంది. కుంటాల జలపాతం మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉంది. నేరడిగొండ దాకా పోయి నిలబడితే మొహం మీద తుంపర కూడా పడుతుంది. కానీ దానికి ఈఎంఐ సౌకర్యం లేదు, అందుకే అంత గిరాకీ లేదు.

మొన్న దసరాకు మా బామ్మర్ది నన్ను తీసుకెళ్లి ఆ ఊసరవెల్లి ముందు నిలబెట్టాడు.

"బావా, గిది ఫోర్‌కే. ఎనభై మూడు లక్షల చుక్కలుంటయ్. మీ ఇంట్ల ఉన్నదాంట్ల ఇరవై లక్షలే."

అంటే ఇన్నేళ్లుగా మా ఇంట్లో అరవై మూడు లక్షల చుక్కలు తక్కువ పడుతున్నాయన్న మాట. ఒక్క చుక్క కూడా అడిగిన పాపాన పోలేదు. కంటనీరు పెట్టాల్సిన సీరియల్‌కు మా ఆవిడ కంటనీరు పెట్టింది, తిట్టాల్సిన బౌలర్‌ను నేను తిట్టాను. ఆ మాటే అన్నాను. బామ్మర్ది సేల్స్‌మన్ వైపు చూశాడు, సేల్స్‌మన్ బామ్మర్ది వైపు చూశాడు. పిసినారి ముందు పెద్దమనుషులు చూసుకునే చూపు అది.

ఆపైన సేల్స్‌మన్ అర్థశాస్త్రం ఎత్తుకున్నాడు. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం ఉండేదట, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయిందట. అది నిజమే. కాబట్టి ఇప్పుడు కొనని వాడు సర్కారు మొహాన తలుపేసిన వాడితో సమానమట. నలభై మూడు అంగుళాలది ఇరవై ఎనిమిది వేలు. పాతది ఎక్స్‌చేంజిలో ఇస్తే పదిహేను వందలు కట్ చేస్తాడు. పదేళ్లు పండగలకూ పబ్బాలకూ బొట్టు పెట్టించుకున్న టీవీని ఆ ధరకు అమ్మడానికి మనసొప్పలేదు. దాన్ని వెనక గదిలో పెట్టుకుంటానని చెప్పి, కొత్తది కొన్నాను.

ఆదిలాబాద్ దగ్గర పత్తి వేసే మా తోడల్లుడికి ఫోన్ చేసి ధర చెప్పాను. ఆయన రూపాయల్లో లెక్కపెట్టడు. పొడుగు పింజకు 2025-26లో మద్దతు ధర క్వింటాలుకు 8,110. "మూడున్నర క్వింటాళ్లు గదనే అన్నా" అన్నాడు టక్కున. అదీ తేమ ఎనిమిది శాతం లోపుంటేనే. దాటితే శాతానికి శాతం కోత, పన్నెండు దాటితే బండి ఇంటికి తోలుకోవడమే. కాసేపు ఆగి అడిగాడు. "నా పత్తిల నీళ్లెన్నున్నయో మిషన్ గుచ్చి సూస్తరు. ఆ టీవీల నీళ్లెన్నున్నయో ఎవడు సూసిండు?"

ఆ మిషన్ ఇంతవరకు మార్కెట్‌లోకి రాలేదు. కాబట్టి నేనే గుచ్చి చూడాల్సి వచ్చింది.

టీవీ బిగించడానికి వచ్చిన పిల్లగాడు గోడకు నాలుగు బొక్కలు కొట్టి, స్క్రూలు బిగించి, డిష్ డబ్బా నుంచి ఎరుపు, తెలుపు, పసుపు తోకలున్న పాత వైరే తీసి కొత్త టీవీ వెనక గుచ్చాడు. హెచ్‌డీఎంఐ వైరు డబ్బాతో రాదట, వేరే కొనుక్కోవాలట. "బొమ్మొచ్చింది గద సార్" అని చాయ్ తాగి పోయాడు. బొమ్మ వచ్చిన మాట నిజమే. ఆ పసుపు తోకలోంచి వచ్చే బొమ్మ అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలకు మించదు. గుణిస్తే నాలుగు లక్షల పైచిలుకు. తెర మీద నింపాల్సినవి ఎనభై మూడు లక్షలు. మిగతా డెబ్బై తొమ్మిది లక్షలు ఎక్కడివి? టీవీ తన బుర్రలోంచి తీసి పూస్తుంది. దాన్ని అప్‌స్కేలింగ్ అంటారు. ఇరవై చుక్కల్లో ఒకటి నిజం, పందొమ్మిది కల్పన. మన న్యూస్ ఛానెళ్లు ఏళ్ల తరబడి ఇదే నిష్పత్తిలో నడుస్తున్నాయి కాబట్టి ఆ ఛానెళ్ల వరకు కొత్తగా పోయిందేమీ లేదు.

దగ్గరికి పోయి చూశాను. సీరియల్ అత్తగారి కుంకుమబొట్టు చుట్టూ దోమలు ముసిరినట్టు చుక్కలు. న్యూస్ కింద పరుగెత్తే వార్తల్లో వత్తులు ఒకదాని మీద ఒకటి కరిగి పడ్డాయి. 'ఠ' నడుమ ఉండాల్సిన చుక్క పోయి అది 'ర' అయింది. ఎనభై మూడు లక్షల చుక్కలకు డబ్బు కడితే, తెలుగు అక్షరానికి కావలసిన ఆ ఒక్క చుక్కే పెట్టలేకపోయింది.

రోషమొచ్చి రెండు వందల యాభై పెట్టి వైరు కొన్నాను, ప్యాకేజీ మార్చి తెలుగు హెచ్‌డీ ఛానెళ్లు వేయించాను. ఇప్పుడు బొమ్మ నిజంగా బాగుంది. బాగుండక ఏంచేస్తుంది? ఈ వైరూ ఈ ప్యాకేజీ పాత టీవీకి పెట్టినా ఇంతే బాగుండేది. ఛానెల్ వాడు పంపేదే హెచ్‌డీ. చెరువులో ఉన్నన్ని నీళ్లే తూములోంచి వస్తాయి, పొలం దగ్గర కాలువ ఎంత వెడల్పు తవ్వితే ఏం లాభం?

"ఛానెళ్లు ఎవడు సూస్తుండు బావా, ఓటీటీ సూడాలె" అన్నాడు బామ్మర్ది. నెట్‌ఫ్లిక్స్‌లో ఫోర్‌కే కావాలంటే నెలకు 649 రూపాయల ప్లాన్. గంటకు ఏడు జీబీ దాకా తాగుతుంది. మా ఇంట్లో నెట్ అంటే రోజుకు రెండు జీబీల ఫోను. లెక్కేస్తే పదిహేడు నిమిషాలు. తెలుగు సినిమాలో పదిహేడు నిమిషాలకు హీరో పరిచయం పాట కూడా అయిపోదు. ఇకమీదట మా ఇంట్లో అన్ని సినిమాలూ విలన్ గెలుస్తుండగానే ముగుస్తాయి.

ఇదంతా సరే, తీగలూ ప్లాన్లూ అన్నీ కుదిరాయనుకుందాం. చూసేది కన్ను కదా. 2025లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్లు మెటా కంపెనీతో కలిసి, మనిషి కన్ను ఎంత సన్నని చుక్కను పట్టగలదో కొలిచారు. రెండున్నర మీటర్ల దూరంలో కూర్చుని 44 అంగుళాల టీవీ చూసేవాడికి ఫోర్‌కే పెట్టినా, ఎయిట్‌కే పెట్టినా, 37 లక్షల చుక్కల క్వాడ్ హెచ్‌డీకి మించి కనపడేదేమీ లేదని తేల్చారు. రెండున్నర మీటర్లంటే ఎనిమిది అడుగులు. మా హాల్లో సోఫాకూ గోడకూ మధ్య పన్నెండు. ఆ లెక్క ఇంకాస్త సాగదీస్తే మా సోఫా మీదికి ఫుల్ హెచ్‌డీయే ఎక్కువ. మిగతా చుక్కలు సోఫా దాకా రాకుండా దారిలోనే, టీపాయ్ దగ్గర ఎక్కడో రాలిపోతున్నాయి. పొద్దున మా ఆవిడ ఊడ్చి పారేస్తున్నది అవే కావచ్చు.

న్యాయం మాట్లాడాలి కాబట్టి చెబుతున్నాను. యాభై అయిదు అంగుళాలు ఆపైన తెర, అయిదారడుగుల దూరం, ఇంటికి ఫైబర్ నెట్, చేతిలో ఆటల రిమోట్ ఉన్న పిల్లలు... ఆ ఇంటికి ఫోర్‌కే దండగ కాదు. పాత టీవీ చచ్చిపోతే కూడా వాదన లేదు, ఇప్పుడు షాపుల్లో ఆ సైజుకు ఎక్కువగా దొరికేది అదే. బతికున్న టీవీకి పాడె కట్టడం గురించే నా తగాదా. అయినా బొమ్మ బాగుండాలంటే చుక్కల కన్నా ముందు వెలుగూ, నలుపులో నలుపూ కావాలి. ఆ సంగతి షోరూంలో ఎవడూ ఎత్తడు, ఊసరవెల్లి అసలే ఎత్తదు. పైగా డబ్బా విప్పగానే టీవీ బొమ్మను నున్నగా సాగదీసే ఒక సోకు ఆన్ చేసి పెట్టుకుని వస్తుంది. కోట్లు పోసి తీసిన సినిమా అచ్చం మధ్యాహ్నం సీరియల్ లెక్క కనబడుతుంది. మా ఆవిడ మాత్రం మెచ్చుకుంది.

ఇంతకీ ఈ ఇంట్లో టీవీ అందరికన్నా ఎక్కువ చూసేది మా బాపు. సర్కారు కంటి పరీక్షల పథకం కంటివెలుగు వాళ్లు 2018లో ఒకసారి, 2023లో ఒకసారి ఊరూరా తిరిగారు. మొదటి విడతలోనే కోటిన్నర మందికి పైగా కళ్లు చూశారు. అప్పుడిచ్చిన దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుని బాపు దూరపు టీవీ చూస్తాడు. ఫోర్‌కే వచ్చిన నాడు పిలిచి చూపించాం. "మంచిగున్నది బిడ్డా" అన్నాడు కిటికీ దిక్కు చూస్తూ.

కార్తీకంలో కుడికంటికి శుక్లం తీయించాం. పట్టీ విప్పిన మూడోనాడు వెనక గదిలోకి పోయి, పాత టీవీ పెట్టుకుని, రెండు మంచాల అవతల నుంచి చూస్తూ నన్ను కేకేశాడు.

"దీన్నెందుకురా మూలకు పెట్టిండ్రు? చీమ గూడ కానొస్తుంది గద!"

ఆ సాయంత్రమే డాబా మీదికి కోతులొచ్చాయి. మన దిక్కు కోతులకు జిల్లా సరిహద్దుల్లేవు. నిర్మల్ దగ్గర 2020లో వాటికోసం పునరావాస కేంద్రమే పెట్టారు. అక్కడికి పోయినవి పోగా మిగిలినవి మా వాడలో ఉంటాయి. పెద్ద కోతి ఒకటి డిష్ మీద కూర్చుని తీరిగ్గా అటూ ఇటూ ఊగింది. కింద హాల్లో అత్తగారు గడులు గడులుగా పగిలి మాయమైంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తేలాయి. ఏ ఛానెల్ వాడూ పంపింది కాదు, డిష్ డబ్బా సొంతంగా రాసుకుంది. అంచులు చెదరలేదు, దోమలు ముసరలేదు, పన్నెండడుగుల నుంచి మసక కళ్లకు కూడా అందుతోంది. బామ్మర్ది కూడా అప్పుడు పక్కనే ఉన్నాడు.

"నో సిగ్నల్" అని చదివాడు. "సూసినవా బావా, ఎంత క్లియర్ ఉన్నదో!"