పెద్దోడి దీవి, చిన్నదాని సున్నా

2020 మార్చి 20న నింటెండో వాళ్లు స్విచ్ అనే తమ ఆటల పెట్టె కోసం ‘యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్’ అనే ఆట విడుదల చేశారు. మనం ఒక దీవికి వెళ్లి, గుడారం వేసుకుని, చేపలు పట్టుకుని, పళ్లు కోసుకుని, ఇరుగుపొరుగు జంతువులతో కబుర్లాడుకుంటూ బతకడమే ఆట. చంపడాల్లేవు, గెలవడాల్లేవు. విమర్శకులు మురిసి ముక్కలయ్యారు. జపాన్‌లో ‘ఫామిత్సు’ పత్రికకి ఒక ఆచారం ఉంది. ప్రతి ఆటకీ నలుగురు సమీక్షకులు తలా పదికి మార్కులేస్తారు. ఆ నలుగురూ కలిసి దీనికి 40కి 38 ఇచ్చారు. లోకంలోని సమీక్షలన్నీ పోగేసి సగటు కట్టే మెటాక్రిటిక్‌లో 100కి 90 వచ్చాయి. అదే మెటాక్రిటిక్‌లో జనం మార్కులు వేసే పక్క గడిలో మాత్రం సున్నాలు బారులు తీరాయి.

విమర్శకుడికి అమృతమైనది కొన్నవాడికి చేదెందుకైందని పెద్ద చర్చ నడిచింది. నాకా చర్చతో పని పడలేదు. జవాబు నా ఎదురుగానే, చాప మీద మూతి ముడుచుకుని కూర్చుంది.

అప్పుడు నేను షాలిమార్‌లో, మా అన్నయ్యగారి రైల్వే క్వార్టర్‌లో ఉన్నాను. కలకత్తా వెళ్తున్నానని ఊరంతా చెప్పి బయల్దేరినవాణ్ణి షాలిమార్ స్టేషను హుగ్లీకి ఈవలే, హౌరా గట్టునే దింపేస్తుంది. ఎదురుగా గూడ్సు యార్డు. ఒకపక్క 1902లో పుట్టిన రంగుల కంపెనీ ఈ పేటకి తెచ్చిన పేరు, ఇంకోపక్క శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఖరగ్‌పూర్ దాకా ఈ లైనంతా మనవాళ్లే కనక తెలుగుకి కరువు లేదు. చూసి పోదామని వచ్చాను. మార్చి 22 అర్ధరాత్రి నుంచి దేశమంతటా ప్యాసింజర్ బళ్లు ఆపేశారు. గూడ్సులు మాత్రం నడిచాయి. బొగ్గు వెళ్తోంది, సిమెంటు వెళ్తోంది, బాబాయి వెళ్లడానికి లేదు.

ఇంట్లో స్విచ్ ఒకటే. సింగపూర్ బంధువు ఎవరో పంపింది. పిల్లలు ఇద్దరు. ఆట దించుకోగానే పెద్దోడు ముందు ఆన్ చేశాడు. అంతే, కథ అక్కడే అయిపోయింది. ఎందుకంటే ఈ ఆటలో యంత్రానికి ఒకటే దీవి. ఎవడు ముందు అడుగుపెడితే వాడే దీవికి ప్రతినిధి. దీవి పేరు వాడే పెడతాడు, వంతెన ఎక్కడ వెయ్యాలో వాడే చెబుతాడు, కథ వాడితోనే కదులుతుంది. వెనక వచ్చినవాళ్లకి ఓ గుడారం ఇస్తారు, ఉండమంటారు.

“బాబాయ్, వంతెన నన్ను కట్టనివ్వట్లేదు!” అంది చిన్నది.

“మరి నువ్వేం చెయ్యొచ్చట?”

“చందా ఇవ్వొచ్చట.”

నిజమే. వంతెన వెయ్యమని చెప్పే హక్కు ప్రతినిధిది. ఖర్చుకి డబ్బు మాత్రం దీవిలో ఎవరైనా వెయ్యొచ్చు. అన్నయ్య ప్యాంట్లు పొట్టి చేయించుకుని కాలేజీ దాకా చదివినవాణ్ణి, ఈ రాజ్యాంగం నాకు కొత్తేం కాదు.

పోనీ ఇద్దరూ కలిసి ఆడండర్రా అన్నాను. దానికీ ఓ ఏర్పాటుంది. ఒకే తెర మీద నలుగురి దాకా ఆడొచ్చు. అయితే ఒకరు నాయకుడు, మిగతావాళ్లు అనుచరులు. తెర నాయకుడి వెంటే పోతుంది. అనుచరులకి సంచీ తెరిచే అధికారం లేదు. చిన్నది చెమటోడ్చి కోసిన పళ్లూ, పట్టిన చేపలూ ఎక్కడికి పోయాయా అని వెతికితే, దీవి ఆఫీసులోని పాత సామాన్ల పెట్టెలో తేలాయి. నాయకత్వం చేతులు మార్చుకోవచ్చు, కాదనను. పెద్దోడు మార్చాలిగా!

ఆ సాయంత్రం చిన్నది మార్కులు ప్రకటించింది. సున్నా. మెటాక్రిటిక్‌లో జనం మొత్తుకున్నదీ ఇదే. ఇంట్లో నలుగురు ఉంటే ముగ్గురికి ఆట సగమే అందుతోందని.

మిగతా ఇల్లు మాత్రం అంత కఠినంగా లేదు. మా అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చి ఆటలోని అప్పు పత్రాలు పరిశీలించాడు. టామ్ నుక్ అనే వ్యాపారి ఇల్లు కట్టుకోడానికి 98,000 బెల్సు అప్పిస్తాడు. వడ్డీ లేదు. గడువు లేదు. ఇంటికి మనుషుల్ని పంపడు. ప్రతి నెలా జీతంలోంచి సొసైటీ వాయిదా కోయించుకునే అన్నయ్య కాసేపు మాట్లాడలేదు. “దీన్ని జీవితాన్ని చూపించే ఆట అన్నదెవర్రా? ఇది భక్తి సినిమా” అని తేల్చాడు. పదికి పది.

మా వదిన దృష్టి వంటింటి మీద పడింది. అప్పట్లో ఆ ఆటలో పొయ్యి కొనుక్కోవచ్చు, గోడవార పెట్టుకోవచ్చు, వంట మాత్రం చెయ్యలేం. ఆ సదుపాయం 2021 నవంబరు అప్‌డేట్‌లో గానీ రాలేదు. అదో లోపమని సమీక్షకులు అనుకుంటే అనుకోనీ, మా వదిన దాన్ని వరంగా స్వీకరించింది. “పొయ్యి ఉండి వంట లేని ఇల్లా! ఎక్కడుంది బాబూ ఈ దీవి?” అంది. కానీ యాపిల్, చెర్రీ, నారింజ, పీచ్, పియర్, కొబ్బరి అన్నీ కాసే ఆ నేలలో మామిడిచెట్టు లేదని తెలిశాక ముఖం మారింది. బయట చూస్తే ఆవకాయ రోజులు దగ్గరపడుతున్నాయి. ఒక మార్కు కోసేసింది.

పక్క వరండాలోని బెంగాలీ పెద్దాయన గోడ మీంచి తొంగిచూసి ఒకటే అడిగారు: “ఇలిష్ పడుతుందా?” పడదు. గాలం వేసిన ప్రతిసారీ సీబాస్ పడుతుంది. నది ఉంది, సముద్రం ఉంది, ఇలిష్ లేదు. ఆ ఇలిషే గోదావరికి ఎదురీదితే మన పులస కనక, ఈ విషయంలో రెండు రాష్ట్రాలూ ఏకమయ్యాయి. ఆయన మార్కులు చెప్పలేదు. లోపలికి వెళ్లిపోయారు.

బతుకు ఆటల మీద విమర్శ ఎప్పుడూ సామాను లెక్కే. 2014 సెప్టెంబరులో ‘సిమ్స్ 4’ వచ్చినప్పుడు ఈతకొలను లేదని గగ్గోలు పెట్టారు. పాత సిమ్స్‌లో మనిషిని కొలనులోకి దింపి నిచ్చెన తీసేయడం చాలామందికి ముచ్చట మరి. నవంబరులో కొలను తవ్వించారు. ఆ ఆట 2017 నవంబరులో ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌ల మీదకి వస్తే, మౌస్‌తో ఆడాల్సింది జాయ్‌స్టిక్‌తో ఎలా ఆడతామని విసుక్కున్నారు. ఏం లేదు, ఏది నెమ్మది అన్నవి బాగానే కనిపెడతారు. ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరం వాళ్లకి రాదు. విమర్శకుడు తన పెట్టె తను తెరుచుకుని, తన దీవికి తనే ప్రతినిధి అవుతాడు. మా పెద్దోణ్ణి అడిగినా 90కి తక్కువ వెయ్యడు.

శిబ్‌పూర్ తోటలోని మహావృక్షం సంగతి వేరు. 250 ఏళ్లు దాటిన ఆ మర్రికి తెగులు పట్టి అసలు మానుని 1925లో తీసేశారు. ఇవాళ్టికీ ఊడల మీదే ఎకరాల కొద్దీ బతుకుతోంది. పెద్ద పోయినా పిల్లలు బతకగలిగే అటువంటి ఏర్పాటు నింటెండో ఇంజినీర్లకి తట్టలేదు. 2021 అప్‌డేట్‌లో కూరగాయల సేద్యం వచ్చింది, వంట వచ్చింది, యంత్రానికి ఒకటే దీవి అన్న నియమం మాత్రం కదల్లేదు. మెటాక్రిటిక్ ఏం చేసిందంటే, 2020 జూలైలో వేరే ఆట మీద కూడా సున్నాల వాన కురిశాక, ఆట విడుదలైన 36 గంటల దాకా జనం మార్కులు వెయ్యకూడదంది. 36 గంటల్లో చల్లారడానికి అదేమైనా ఉప్మానా? చిన్నపిల్ల కడుపుమంట!

కనక ఆటల సమీక్షకులకి నా మనవి ఇది. ఇకమీదట బతుకు ఆట దేనికైనా మార్కులేసే ముందు, ఒకే యంత్రం, ఇద్దరు పిల్లలు, ఆగిపోయిన రైళ్లు ఉన్న ఇంట్లో వారం ఉండి రండి. కొనబోయే తల్లిదండ్రులకి నా సలహా కూడా వినండి. డబ్బుంటే రెండు యంత్రాలు కొనండి. లేకపోతే మొదటిసారి చిన్నవాళ్ల చేత ఆన్ చేయించండి. పెద్దోడు ఎలాగూ ఇంకేదో ఒకటి ముందు అందుకుంటాడు.