సర్దుకోండి!

నెల్లూరు జిల్లా వెంకటాచలం సెంటర్లో షేర్ ఆటో నిండందే కదలదు. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్-2' వీడియో గేమ్‌లో ఆటగాళ్లు పోగయ్యే ఆన్‌లైన్ గది, అదే లాబీ, కూడా అంతే. ఎనిమిది మందికి చోటు. ఏడుగురు చేరాక ఎనిమిదోవాడి కోసం జపం. వాడొచ్చేలోపు ఇద్దరు దిగిపోతారు. ఆటోవాడే నయం, ఎక్కినోణ్ణి దించడు. ఇక్కడ మీ రేటింగు నచ్చకపోతే గది తెరిచిన హోస్టు చెప్పాపెట్టకుండా గెంటేస్తాడు. 'కొత్తవాళ్లకు మాత్రమే' అన్న గదిలో తలపండిన వాళ్లే మారుపేర్లతో కూర్చుంటారు. 'యువతకే టికెట్లు' అనే పార్టీల దగ్గర నేర్చినట్టున్నారు!

పోనీ, సైన్యమైనా మనదా? అప్పటిదాకా ఆటలో ఒకే మూటగా ఉన్న భారతీయులను 2022 ఏప్రిల్‌లో నాలుగు వాటాలేశారు. బెంగాలీలకు ఒకటి, గుర్జరులకు ఒకటి, హిందుస్తానీలకు ఒకటి. కాకతీయులు, రెడ్డిరాజులు ఏలిన తెలుగోళ్లను మాత్రం ద్రావిడుల్లో సర్దుకోమన్నారు. ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం మైసూరు నుంచి తరలివచ్చింది ఈ వెంకటాచలానికే. అలాంటి ఊళ్లో ఆడే తెలుగోడికి ఇంత అన్యాయమా అని ఇక్కడి కుర్రోణ్ణి కదిలిస్తే, స్క్రీను మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "ఏందన్నా నీ గోల! ద్రావిడులకు ఓడలు బలం. పక్కనే మనకు కృష్ణపట్నం రేవు ఉండాదిగా!"