గింజల వేపుడు: సటీకాతాత్పర్యం

ఆ.వె.
ఉప్పు నీట నాన్చి యొకరాత్రి గింజల
నీడ నారబెట్టి నీరు పోవ
సన్న సెగను వేచి చల్లార్చి తినువాడు
పొద్దు తిరుగు వరకు పొట్టు నొలుచు

అవతారిక: పొద్దుతిరుగుడు పుట్టిల్లు ఉత్తర అమెరికా. నూనె పంటగా మన పొలాల్లో వేసేందుకు సోవియట్ దేశం నుంచి రకాలు 1969లో వచ్చాయి. విత్తనం వచ్చింది గానీ, అరుగు మీద కూర్చుని గింజలు కొరుకుతూ లోకాభిరామాయణం చెప్పుకునే వాళ్ల అలవాటు మనదాకా రాలేదు. కర్నూలు నల్లరేగడిలో పండినది నేరుగా నూనె మిల్లుకే పోయింది. ఆ లోటు తీర్చదలచి కవి ఇట్లు చెప్పుచున్నాడు.

ప్రతిపదార్థం: గింజలన్ = పొట్టు తియ్యని పొద్దుతిరుగుడు గింజలను; ఉప్పు నీటన్ = లీటరు నీళ్లకు రెండు మూడు పెద్ద చెంచాల ఉప్పు కలిపిన నీటిలో; ఒకరాత్రి = అంట్లు తోమింది మొదలు పాలవాడు వచ్చేదాకా; నాన్చి = నానబెట్టి; నీరు పోవన్ = చేతికి తడి తగలనంతగా; నీడన్ = ఫ్యాను కింద, పాత పంచె మీద; ఆరబెట్టి = పలుచగా పరిచి; సన్న సెగను = మంట ఉందో లేదో వంగి చూడాల్సినంత సెగలో; వేచి = అట్లకాడ ఆపకుండా వేపి; చల్లార్చి = పళ్లెంలోకి ఒంపి, చెయ్యి వెనక్కి లాక్కుని; తినువాడు = తినేవారెవరైనా (ఏకవచనం ఛందస్సు కోసం; వాసన వచ్చాక ఒక్కడే తినడం జరిగే పని కాదు); పొద్దు తిరుగు వరకు = పొద్దు వాలేదాకా; పొట్టున్ ఒలుచు = ఒలుస్తూనే ఉండును.

తాత్పర్యం: వేపడానికి పట్టేది అరగంట లోపు. మిగతాదంతా ఓపిక. వండేటప్పుడు ఓపిక పట్టినవాడికి తినేటప్పుడు పొద్దు తెలియదని భావం.

విశేషములు:

1. శంక: వేపాక పైన ఉప్పు చల్లుకుంటే చాలదా? రాత్రంతా నానబెట్టడం చాదస్తం కాదా? సమాధానం: కాదు. పైన చల్లిన ఉప్పు పొట్టుతో పాటే చెత్తబుట్టకు పోతుంది. నానిన పొట్టులోంచి ఉప్పునీళ్లు పప్పుదాకా దిగుతాయి. గింజలు తేలుతాయి గనుక పైన చిన్న పళ్లెం బోర్లించాలి. తేలిందల్లా తాలు అనుకుని పారబొయ్యరాదు. ఆ నీళ్లలోనే రెండు వెల్లుల్లి రెబ్బలు, నాలుగు ఎండుమిరపకాయలు నలిపి వేసుకోవడం సంప్రదాయవిరుద్ధం కాదు.

2. ఏ గింజలో కవి చెప్పలేదు. ఇది దోషమే. నూనెకు వాడేది చిన్న నల్ల గింజ, ఒలవడం కష్టం. తినడానికి తెల్లచారల పెద్ద గింజ మేలు. విత్తనాల కొట్లో దొరికే ప్యాకెట్ జోలికి మాత్రం పోరాదు. అది మందు పట్టించిన గింజ, భూమాతకు తప్ప మరెవరికీ నైవేద్యం కాదు.

3. 'పెద్ద సెగను వేచి' అని ఒక పాఠాంతరం. ఆకలి మీదున్న లేఖకుల పని. గణం సరిపోతుంది, యతి చెడుతుంది. మూకుట్లోనూ అంతే: పొట్టు మాడుతుంది, పప్పు పచ్చిగా మిగులుతుంది. సన్న సెగ మీద పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. ఓవెన్ ఉన్నవారు 150 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, మధ్యమధ్య కలపాలి. ఒక గింజ ఒలిచి చూస్తే పప్పు లేత గోధుమరంగుకు తిరిగి ఉండాలి.

4. 'చల్లార్చి' అన్నది పాదపూరణం కాదు, పద్యానికి ప్రాణం. వేడి మీద పప్పు మెత్తగానే ఉంటుంది, ఆరాకే కరకరమంటుంది. మెత్తగా ఉందని మళ్లీ మూకుడు ఎక్కిస్తే మిగిలేది బొగ్గు.

5. పొట్టు తీసి అమ్మే పప్పుకు ఈ పద్యం వర్తించదు. దాన్ని నానబెట్టక్కర్లేదు. ఐదారు నిమిషాలు వేపి, పొయ్యి ఆర్పాక అర చెంచా నూనె, ఆపై ఉప్పూ కారం. కారం మంట మీద వేస్తే ఇల్లంతా దగ్గు.

అలంకారం: నాలుగో పాదంలో పువ్వు పేరు దాచడం ముద్రాలంకారం. లోకంలో పొద్దుతిరుగుడు సూర్యుడి వెంట తిరిగేది లేతగా ఉన్నప్పుడు మాత్రమే. ముదిరాక తూర్పుముఖంగా నిలిచిపోతుంది. గింజ కట్టేవేళకు పువ్వు మానిన పనిని తినువాడు అందుకున్నాడని చమత్కారం.

వ్యాకరణం: 'ఒలుచు' క్రియకు కర్త తినువాడు. 'ఊడ్చు' అనే క్రియ పద్యంలో లేదు. కనుక ఆ పని ఇల్లాలిదని కొందరు పురుష వ్యాఖ్యాతలు. అధ్యాహారంగా తెచ్చుకున్న క్రియకు వేరే కర్తను కల్పించరాదు గనుక, ఒలిచినవాడే ఊడ్చునని సిద్ధాంతం.