చెవుల రిజిస్టరు

నా బరువు పన్నెండు కిలోలు. గోనెరంగు కాన్వాస్ అట్ట, మూలలకు ఎర్రతోలు, పక్కన ఏ నుంచి జెడ్ దాకా మెట్లు మెట్లుగా కోసిన అక్షరాల చెవులు. టెక్సస్ పశ్చిమాన ఒక చిన్న కౌంటీ కోర్టు భవనంలో, ఇనపతలుపున్న గదిలో నా కాపురం. ఆ కౌంటీ పేరు చెప్పను. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. నా వీపు మీద 'క్రిమినల్ ఇండెక్స్, డిస్ట్రిక్ట్ కోర్ట్' అని బంగారు అక్షరాలుండేవి. బంగారమంతా వచ్చేపోయేవాళ్ల వేళ్లకే అంటుకుపోయింది.

నాలో కథలుండవు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది, చాలామంది కథ కోసమే వస్తారు మరి. ఒక్కో వరసలో ముద్దాయి పేరు, కేసు నంబరు, అభియోగం, దాఖలైన తేదీ. అంతే. ఆ నంబరు కాగితమ్ముక్క మీద రాసుకుని వెనక అరల దగ్గరికి వెళ్తే అసలు కట్ట దొరుకుతుంది. నేను వీధి చివర నిలబడి ఇల్లు చూపించే మనిషి లాంటిదాన్ని. ఇంట్లో ఏం జరిగిందో నాకేం తెలుసు?

టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి. 2020 జనాభా లెక్కల్లో హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో 47 లక్షల మంది తేలితే, లవింగ్ కౌంటీలో తేలింది అరవై నలుగురు. మన పెళ్లిపందిట్లో ఒక బంతికి సరిపోయేంత జనం! మాది లవింగ్ అంత చిన్నది కాదుగానీ, దాని వైపు మొగ్గే రకమే. పెద్ద కౌంటీల్లో ఫెలొనీ, అంటే పెద్ద నేరాల, కాగితాలు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర, చిన్న నేరాలవి కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. ఆఫీసులూ వేరు, క్యూలూ వేరు. ఎనిమిది వేలకు లోపు జనమున్న చోట రెండు పదవులనూ ఒక్కరికే అప్పగించవచ్చని రాష్ట్ర రాజ్యాంగమే ఒప్పుకుంది. మా క్లర్కమ్మ అలాంటి ఒక్కరే. పొద్దున పెళ్లి లైసెన్సు ఇస్తుంది, పదకొండింటికి భూమి దస్తావేజు నమోదు చేస్తుంది, మధ్యాహ్నం నన్ను బల్ల మీద పరుస్తుంది. నాలుగేళ్లకోసారి ఓట్లడిగి గెలిచే మనిషి కాబట్టి ఊళ్లో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆమెకు తెలుసు. నాకు పేర్లే తెలుసు.

వచ్చినవాళ్లను ఆమె మొదట అడిగేది, "ఆ పని ఎక్కడ జరిగింది?" అని. మనిషి ఎక్కడ కాపురముంటున్నాడన్నది కాదు, నేరం మోపింది ఏ కౌంటీలో అన్నదే లెక్క. ఈ ఒక్క ప్రశ్నకే కొందరు నాలుక కరుచుకుని పక్క కౌంటీకి కారు తిప్పుతారు. రెండోది, కేసు రాష్ట్రానిదా, ఫెడరల్‌దా? ఫెడరల్ కేసు ఫెడరల్ కోర్టుకు పోతుంది, నాలో వెతికితే ఉండదు. పదిహేడు నిండనివాళ్లూ మామూలుగా నాలోకి రారు. గ్రాండ్ జ్యూరీలో పన్నెండుగురు కూర్చుంటారు, తొమ్మిదిమంది సరేనంటేనే అభియోగపత్రం పుడుతుంది. ఎక్కువగా అలా పుట్టినవే నా దాకా వచ్చేవి. అరెస్టయి జైల్లో ఒక రాత్రి పడుకున్నవాడి పేరు నాలో లేదంటే అర్థం ఏమీ జరగలేదని కాదు, నా గడప దాకా రాలేదని.

ఇంతవరకు అంతా సులువే. కష్టమల్లా పేరుతోనే.

ఒకప్పుడు ఊరి చివర ఒక తండ్రీకొడుకులుండేవారు, ఇద్దరికీ ఒకటే పేరు. అక్కడ అదో ఆచారం, కొడుకు పేరు వెనక జూనియర్ అని తగిలిస్తారు. మన దగ్గర తాత పేరు మనవడికి పెడతారు కాబట్టి మధ్యలో ఒక తరం ఊపిరి పీల్చుకుంటుంది. తండ్రి వయసులో ఉన్నప్పుడు ఎవరిదో పశువుల్ని తోలుకుపోయి శిక్ష అనుభవించాడు. పశువుల దొంగతనం అక్కడ ఇప్పటికీ ఫెలొనీయే. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు ఒక ఇంటి యజమాని వచ్చి, నా ఎమ్ చెవి పట్టి లాగి, వేలుతో వరస చూసుకుని, నంబరు కూడా రాసుకోకుండా వెళ్లిపోయాడు. కొడుక్కి ఇల్లు అద్దెకివ్వలేదు. నాలో పుట్టిన తేదీ గడి లేదు, అది కట్టలో ఉంటుంది. ఇంకా గట్టి రుజువు కూడా అక్కడే ఉంది: టెక్సస్ ఫెలొనీ తీర్పు కాగితం మీద ముద్దాయి బొటనవేలి ముద్ర వేయిస్తారు. పేరు ఇద్దరిదైనా వేలు ఒకరిదే. వెనక గదికి పది అడుగులు నడవడానికి బద్ధకించినవాడి వల్ల ఒక కుర్రాడు ఏడాదిపాటు ట్రైలర్లో బతికాడు. చూసినందుకు రుసుం లేదు, ఆ కట్ట తెచ్చి చూపించమన్నా ఆమె కాదనేది కాదు.

ఇంకో రకం ఉంటారు. అభియోగం గడి చదివి, "అమ్మో!" అని గుండె మీద చెయ్యేసుకుని, అక్కడే ఆగిపోయేవాళ్లు. అభియోగం అంటే ఒకరు మోపింది. చివరికి ఏమైందన్నది వేరే కాగితం: శిక్షా, కొట్టివేతా, లేక 'డిఫర్డ్ అడ్జుడికేషన్' అని జడ్జి దోషిగా ప్రకటించకుండా గడువిచ్చి వదిలినదా. ఆ కాగితం కోసమే వందల మైళ్లు వచ్చిన మనిషిని ఒక్కడిని చూశాను.

తెలుగువాడు. డాలస్ దగ్గర నుంచి తెల్లవారుజామునే బయల్దేరి వచ్చాడు, చొక్కా నలిగింది. కొన్నేళ్ల కిందట స్నేహితులతో న్యూ మెక్సికో వెళ్లొస్తుంటే హైవే మీద కారాపారు. వెనక సీట్లో ఒకడి సంచిలో గంజాయి సారంతో చేసిన మిఠాయి బిళ్లలు. న్యూ మెక్సికోలో అవి కొట్లో అమ్ముతారు, సరిహద్దు దాటాక అదే పొట్లం ఫెలొనీ. కార్లో ఉన్న అందరి మీదా కేసు పడింది. ఆ స్నేహితుడు నాదేనని ఒప్పుకోవడంతో ఇతని మీద కేసు కొట్టేశారు. ఇతనూ మరిచిపోయాడు. ఇప్పుడు గ్రీన్ కార్డు దరఖాస్తుకి ఆ కేసు ఏమైందో కోర్టు ముద్రతో నకలు కావాలన్నారు.

క్లర్కమ్మ కంప్యూటర్లో ఇంటిపేరు కొట్టింది. లేదు. పేరు కొట్టింది. లేదు. కుర్రాడి మొహం పాలిపోయింది. కంప్యూటర్ వచ్చాక కూడా ప్రతి కేసునూ నాలో చేత్తో రాసుకునే పాత అలవాటు ఆమెది. ఆఫీసులో అందరూ నవ్వేవారు. నన్ను తెరిచింది. ఇంటిపేరు చెవి దగ్గర వెతికింది, లేదు. "నాయనా, నీ పాస్‌పోర్టు చూపించు" అంది. చూస్తే ఏముంది, పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంది, రెండో గడి ఖాళీ. అలాంటివాళ్లకు అమెరికా వీసా మీద 'ఎఫ్ఎన్‌యూ' అని వేస్తారు, మొదటి పేరు తెలియదని దానర్థం. పేరుండీ పేరు తెలియనివాడయ్యాడు పాపం! జైల్లో పేరు ఎక్కించినవాడు వీసా చూసి అంతా కలిపి కొట్టాడు, మధ్యలో ఒక అక్షరం మింగేశాడు. అక్షరం పోతే కంప్యూటర్‌కి మనిషి లేడు. ఆమె వేలు మాత్రం వీ చెవి కింద నెమ్మదిగా దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది. కేసు నంబరు చదివింది.

కట్ట తెచ్చింది. కేసు ఉపసంహరిస్తున్నట్టు ప్రాసిక్యూటర్ అర్జీ, దాని కింద జడ్జి సంతకం. "దీన్ని బట్టి నాకు గ్రీన్ కార్డు వస్తుందా అండీ?" అని అడిగాడు. "నేను లాయర్ని కాను, అది చెప్పకూడదు" అంది. పేజీకి డాలరు చొప్పున తీసుకుని, కాగితాన్ని ఉబ్బెత్తు ముద్రలో పెట్టి నొక్కింది. ఆ కరకర చప్పుడు నాకు ఇష్టం. అతను మాత్రం, "ఇంకో నాలుగు నకళ్లు కూడా ఇవ్వండి" అన్నాడు. లాయరు ముందే చెప్పి పంపాడట, కేసు చెరిపించుకున్నాక ఈ కాగితాలు మళ్లీ పుట్టవు, ఇమిగ్రేషన్‌వాళ్లు మాత్రం అడుగుతూనే ఉంటారు అని.

అతను నా పక్కనే నిలబడి ఫోన్ చేశాడు. "దొరికిందే. డిస్మిస్డ్ అనే ఉంది. అమ్మావాళ్లకి మాత్రం ఏం చెప్పకు."

కొన్ని నెలలకు జడ్జి ఉత్తర్వు వచ్చింది. ఎక్స్‌పంక్షన్ అంటారు. షెరీఫ్ దగ్గరా, ఆస్టిన్‌లో రాష్ట్ర పోలీసుల దగ్గరా, మా దగ్గరా ఆ కేసు ఆనవాలు కనిపించకూడదు. క్లర్కమ్మ కంప్యూటర్లో ఒక్క మీట నొక్కి తీసేసింది. నా విషయంలో అంత సులువు కాలేదు. వీ చెవి తెరిచి, స్కేలు ఆనించి, లావు నల్లసిరాతో ఒకసారి, ఆరాక మరోసారి గీసింది. సిరా వెనక పేజీకి కూడా దిగింది. అక్కడెవరిదో సంబంధం లేని పేరు మసకబారింది. అది నాకు నచ్చలేదు, ఆమెకూ నచ్చలేదు.

కౌంటీ పేరూ, ఆ కుర్రాడి పేరూ ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అర్థమైందిగా. నిజానికి ఈ మాత్రం చెప్పడమూ తప్పే.

మొన్నొకతను వీ చెవి తిప్పుతూ ఆ నల్లపట్టీ మీద వేలు పెట్టి, "ఇక్కడ ఎవరిది?" అన్నాడు.

"మీరు వెతికే పేరు చెప్పండి" అని క్లర్కమ్మ పేజీ తిప్పింది.